తగ్గుముఖం

సైటు క్వార్టర్స్,
ఆదివారం

ప్రియమైన అద్దాల బావకి,

నువ్వు పంపిన చీటీలు నిన్న సరుకుల జీపులో వచ్చాయి. ఉల్లిపాయల బస్తా మీద పడి వచ్చినట్టున్నాయి, ఒక్కో ఇంగ్లీషు మాటా గుప్పుమంటోంది. "ఆబ్డ్యురేట్" అంటే మొండిఘటం అని నాకిక జన్మలో మరుపు రాదు. దాని కింద నువ్వు రాసిన వాక్యం, మన పిచ్చుక చెప్పులు వేసుకోనని నేల మీద బోర్లా పడుకుందన్నది, చదివి నవ్వుకున్నాను. తర్వాత చాలాసేపు ఇంకో చీటీ ముట్టుకోలేకపోయాను. అది నిజంగా జరిగిందా, వాక్యం కోసం అల్లావా? నిజమైతే ఎందుకు వేసుకోనంది, చివరికి ఎవరు వేశారు, అన్నీ రాయి. కన్నకూతురి కబుర్లు ఇంగ్లీషు మాటల వెనకాల నక్కి రావడం ఏం బాగాలేదు.

ఇక్కడ వాన పట్టుకుంది. రేకుల కప్పు మీద ఆ చప్పుడుకి మనసులో చదువుకున్నది కూడా వినబడదు. పొద్దున్నే సొరంగంలోకి వెళ్ళడం, ముఖం దగ్గర రాయిని తట్టి చూసి బొమ్మ గీసుకోవడం, బయటికొచ్చి బట్టలు పిండి ఆరేయడం, అవి ఆరకపోవడం. ముఖం అంటే తెలుసుగా, తవ్వకం ఎక్కడ ఆగిందో అక్కడ నిలబడే గోడ. ఎప్పుడు చూసినా చెమటలు కక్కుతూ ఉంటుంది. నా ముఖం కూడా ఇప్పుడు అలాగే ఉంది.

రాళ్ళ పేర్లు ఎన్నయినా చెప్తాను బావా, అవి చేత్తో పట్టుకుని నేర్చుకున్నవి. ఈ పరీక్ష మాటలు అలా పట్టుబడటం లేదు. బడిలో అంతా తెలుగులో చదివినదాన్ని. కాలేజీలో రాళ్ళకి సరిపడా ఇంగ్లీషు కూడబెట్టుకుని నెట్టుకొచ్చాను. పైచదువుకి సీటిచ్చేవాళ్ళకి అది చాలదట. వాళ్ళ పరీక్షలో మాటలకే ఒక భాగం. నిన్న నేర్చుకున్న మాట ఇవాళ ముఖం చాటేస్తోంది. ఈ చదువు కోరిక నాదే. నువ్వు వద్దనలేదు, అత్తయ్య వద్దనలేదు. ఓడిపోతే ఎవరి నెత్తినా రుద్దడానికి లేదు, అదే నా భయం.

పైగా మేనేజరుగారి సిఫారసు ఉత్తరం కావాలి. మొన్న అడిగితే నా ఇంగ్లీషు రిపోర్టు ఒకటి తీసి అందరి ముందూ చదివారు. "నీరు పెరుగుతోంది, నీరు పెరుగుతోంది. ఏమ్మా, ఇది రిపోర్టా, చిన్నపిల్లల పద్యమా? ఈ ఇంగ్లీషుతో పైచదువులా?" అన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఈ లోయలో సెల్లు పలకదని తెలిసీ దిండు కింద పెట్టుకునే పడుకుంటున్నాను. ఆఫీసు ఫోను ఆఫీసు పనికే. కాబట్టి చీటీలు పంపు, వాటితోపాటు కబుర్లు కూడా.

నీ
రాళ్ళమ్మ


ఇంటి నుంచి,
శుక్రవారం

ప్రియమైన రాళ్ళమ్మకి,

చెప్పుల సంగతి అక్షరాలా నిజం. ఎడమ చెప్పు కుడి చెప్పుతో మాట్లాడటం లేదట, రెండిటినీ పక్కపక్కన పెట్టకూడదట. నేను బతిమాలాను, బెదిరించాను. అమ్మ వచ్చి, "సరేలే, నాకు సరిపోతాయేమో చూస్తాను" అని తన కాలు అందులో దూర్చబోయింది. అంతే, పిచ్చుక లాక్కుని తొడిగేసుకుంది. మీ మేనత్త దగ్గర నువ్వు నేర్చుకోవాల్సిన చదువు ఇంకా మిగిలే ఉంది.

షాపులో బేరాలు పలచగానే ఉన్నాయి. అదీ మంచిదే, చీటీలు రాసుకోవడానికి తీరిక దొరుకుతోంది. లెన్సులు వచ్చే డబ్బాల అట్టలు కత్తిరించి, పగలు షాపులో ముందువైపు మాట రాస్తాను. ఇంటికొచ్చాక నిఘంటువు ముందేసుకుని వెనకవైపు అర్థం ఎక్కిస్తాను. ఈలోగా పిచ్చుక వాటితో రైలుబండి కట్టి, టికెట్లు కొట్టి, ఒక బోగీ నీళ్ళలో పడేసి, నా పని నాకు అప్పజెప్తుంది. తడిసిన చీటీ మీద సిరా అలుక్కుపోయి ఉంటే అది ప్రయాణంలో జరిగిన ప్రమాదమని అర్థం చేసుకో.

ఈ విడతలో "లాకోనిక్" అని ఒకటుంది, ముక్తసరి మనిషి. వాక్యం రాయలేదు, అక్కర్లేదు. నేను ఆలస్యంగా వచ్చినప్పుడు అమ్మ "ఊఁ" అంటుంది చూడు, అదే. "ఎనర్వేట్" అని ఇంకోటి. వినడానికి సత్తువనిచ్చేదానిలా ఉంటుంది, తీరా చూస్తే ఒంట్లో సత్తువంతా పీల్చేయడమట. కొందరు చుట్టాల్లాంటి మాట. పలకరింపు ఒకటి, చేసేపని ఒకటి. నాకు నచ్చింది.

మీ మేనేజరు మాటలు మనసులో పెట్టుకోకు. నా దగ్గరికొచ్చే పెద్దమనుషుల్లో సగం మంది గోడమీది అక్షరాల ఆఖరి వరస కనబడకపోయినా, గుర్తున్నది అప్పజెప్పి "బ్రహ్మాండంగా కనబడుతోంది" అంటారు. కనబడటం లేదని ఒప్పుకున్నవాడికే నేను సరైన అద్దం ఇవ్వగలను. నీకు రానిది రాదని నీకు తెలుసు. అదే సగం చదువు.

అన్నం సరిగ్గా తిను. దిండు కింద సెల్లు తీసేసి పడుకో.

నీ
అద్దాల బావ


సైటు క్వార్టర్స్,
మంగళవారం

ప్రియమైన బావకి,

చీటీలు అందాయి. ఈసారి నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి, రానిది ఒకటి. రానిది ముందు చెప్తాను.

ముఖం దగ్గర ఊట పెరుగుతోంది. మొదట చుక్కలు చుక్కలుగా ఉండేది, ఇప్పుడు వేలి లావు ధారలయింది. దానికన్నా నన్ను భయపెడుతున్నది రంగు. ఇన్నాళ్ళూ తేటగా వచ్చిన నీరు టీ రంగుకి తిరిగింది. అంటే రాయి వెనకాల ఎక్కడో మట్టిని కోసుకుంటూ వస్తోందన్నమాట. మా మీసాల మేస్త్రీ ఉన్నాడు చూడు, తవ్వకం ముఠాకి పెద్ద, అతను ఆ నీటిలో వేళ్ళు ముంచి రుద్ది చూసి, "ఇసుక తగులుతోందమ్మా" అన్నాడు. పని ఆపించి బయటికొచ్చాం.

ఇలాంటప్పుడు హెడ్డాఫీసుకి రిపోర్టు పంపాలి, ముందుకెళ్ళాలా వద్దా అన్నది వాళ్ళు తేల్చాలి. ఇక నవ్వొచ్చే సంగతి. మళ్ళీ "నీరు పెరుగుతోంది" అని రాస్తే మేనేజరుగారు మళ్ళీ పద్యం చదువుతారు. సిఫారసు ఉత్తరం ఆయన బల్ల మీదే ఉంది, సంతకం కాలేదు. అందుకని నీ చీటీలన్నీ పరుచుకుని కూర్చున్నాను. "అబేట్" దొరికింది. అంతకంతకూ ఎక్కువవడం, ఇబ్బడిముబ్బడి కావడం అని నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశావు. రిపోర్టులో మొదటి వాక్యమే "ఇన్‌ఫ్లో ఎట్ ద ఫేస్ కంటిన్యూస్ టు అబేట్" అని పెట్టాను, ముఖం దగ్గర ఊట పెరుగుతూనే ఉందని. దాన్నిబట్టి తగిన నిర్ణయం తీసుకోగలరని కింద రాశాను. కొలతలన్నీ వెనక పేజీలో పట్టికగా ఇచ్చాను.

మేనేజరుగారు మొదటి పేజీ చదివి తలెత్తి చూశారు. "ఇప్పుడు ఇంగ్లీషులా ఉంది. మనకి కావలసింది ఇదే" అన్నారు. ఆ మనిషి నన్ను చూసి చిరునవ్వు నవ్వడం ఇదే మొదలు. పేజీ తిప్పకుండానే సంతకం పెట్టి పంపించేశారు. నా సిఫారసు సంగతి కూడా, "పరీక్ష రాసి రండి, చూద్దాం" అన్నారు.

చూశావా, నువ్వు రాసిన అట్టముక్క హెడ్డాఫీసు దాకా వెళ్ళింది. షాపులో చెప్పుకో.

పరీక్ష వచ్చే శనివారం. పిచ్చుకకి ముద్దులు, అత్తయ్యకి "ఊఁ".

నీ
రాళ్ళమ్మ


ఇంటి నుంచి,
గురువారం

ప్రియమైన రాళ్ళమ్మకి,

ఇది అర్జెంటు టపాలో వేస్తున్నాను. ముందు ఒక్క ముక్క చదువు, మిగతాది తర్వాత. అబేట్ అంటే పెరగడం కాదు. తగ్గుముఖం పట్టడం. నేను పంపిన చీటీ తప్పు.

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది. అమ్మకి చదివి వినిపించాను, గర్వంగానే. ఆ మాటకి ఇంకో మంచి వాక్యం జతచేద్దామని నిఘంటువు తెరిచాను. అందులో ఉన్నది చూసి నా కళ్ళజోడే మారిందేమో అనుకున్నాను. పెరగడం అన్న అర్థం "బర్జన్" అనే మాటది. రెండు చీటీలూ ఒకే రోజు రాశాను. ముందువైపు షాపులో, వెనకవైపు ఇంట్లో. మధ్యలో ఏ అట్ట ఏ అట్ట పక్కకి చేరిందో చూసుకోలేదు. పిల్ల ఆడుకుందని చెప్పి తప్పించుకోను. రాసేముందు ముందువైపు తిప్పి చూసుకోవాల్సింది నేను.

అంటే నీ రిపోర్టులో నీరు తగ్గుతోందని ఉంది.

వెంటనే మీ సైటు ఆఫీసుకి ఫోను చేశాను. లైను మూగబోయింది. టెలిఫోను వాళ్ళనడిగితే వానకి స్తంభాలు ఒరిగాయి, బాగుచేస్తున్నాం అన్నారు. మీ హెడ్డాఫీసు నంబరు పట్టుకుని చేశాను. ఫోనెత్తిన అమ్మాయి, "మీరెవరు సార్?" అంది.

"కళ్ళద్దాల షాపతన్ని."

"అద్దాలు మాకు అక్కర్లేదండి."

"అద్దాలు కాదమ్మా. మీకు సొరంగం నుంచి ఒక రిపోర్టు వచ్చింది, అందులో ఒక మాట తప్పు."

"ఏ మాట సార్?"

చెప్పాను. స్పెల్లింగు అడిగింది. చెప్పాను. రాసుకున్నాను, పైవాళ్ళకి చెప్తాను అంది. పేరూ ఊరూ అడక్కుండా పెట్టేసింది. ఆమె ఎవరికైనా చెప్తుందని నాకు నమ్మకం లేదు. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

నీ సెల్లుకి చేస్తూనే ఉన్నాను. లోయ దాటి టవునులోకి అడుగుపెట్టగానే మోగుతుందని ఆశ. షాపు మూసి బయల్దేరి వద్దామంటే, మీ వైపు ఘాటు రోడ్డు మూసేశారని బస్టాండులో చెప్పారు. అమ్మ నా ముందు మంచినీళ్ళు పెట్టి, "ముందు రాయి" అంది. రాస్తున్నాను.

ఇది నీకు అందేసరికి ఆలస్యమైపోతుందేమో. నువ్వు లోపలికి వెళ్ళకు. ఎవర్నీ వెళ్ళనివ్వకు.

నీ
బావ


సైటు క్వార్టర్స్,
శుక్రవారం

ప్రియమైన బావకి,

రోడ్డు మీద కొండ జారింది, రెండు రోజులుగా టపా సంచి రాలేదు. నువ్వేం రాశావో, రాశావో లేదో తెలియదు. కొండ జారిన చోట దారి కాస్త తీశారట, రేపు తెల్లవారగానే జీపు పంపుతామన్నారు. తిన్నగా పరీక్ష కేంద్రానికే. తలుపులు మూసేలోపు అందుకుంటే చాలు. ఈ ఉత్తరం జీపు డ్రైవరుకిచ్చి దారిలో పోస్టు చేయిస్తాను.

మనసు మనసులో లేదు. నిన్న పొద్దున ఫోను లైను పోయేముందు హెడ్డాఫీసు నుంచి జవాబొచ్చింది. పని కొనసాగించండి, శనివారం నుంచే తవ్వకం మొదలెట్టండి అని. నాకు అంతుపట్టలేదు. నీరు పెరుగుతోందని రాస్తే ముందుకెళ్ళమంటారేమిటి? మేనేజరుగారినడిగితే, "మీ రిపోర్టు చూసే కదమ్మా ఇచ్చారు" అన్నారు. వెనక పేజీలో కొలతలు చూసి, ఆధారంగా పెట్టిన ఇనుప కమానులు సరిపోతాయని లెక్కగట్టుకున్నారేమో. పెద్దవాళ్ళకి నాకు తెలియనిది ఏదో తెలిసి ఉంటుంది. ఇంకోసారి గట్టిగా అడగాల్సింది. నోటిదాకా వచ్చింది. ఆయన బల్ల మీద నా సిఫారసు ఉత్తరం కనబడింది, మింగేశాను.

కానీ కాళ్ళు నిలవక మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. "నీరు రోజురోజుకీ పెరుగుతోంది, రంగు చిక్కబడుతోంది. నేను తిరిగొచ్చేదాకా ముఖం మీద డ్రిల్లు పెట్టకండి" అని చెప్పాను. అతను నా ముఖంలోకి చూసి, "మరి ఆర్డరొచ్చిందిగా?" అన్నాడు. నేను వచ్చేదాకా ఆగండని మళ్ళీ అన్నాను.

మాటలన్నీ ఒకసారి తిరగేశాను. అన్నీ వచ్చాయి. అయినా భయం పోవడం లేదు. ఇది పరీక్ష భయమో, ఇంకో భయమో తెలియడం లేదు.

నీ
రాళ్ళమ్మ


ఇంటి నుంచి,
బుధవారం

ప్రియమైన రాళ్ళమ్మకి,

శనివారం నువ్వు ఫోను చేసి చెప్పింది మూడే ముక్కలు. "నేను బాగున్నాను, పరీక్ష మధ్యలో వదిలేశాను, సైటుకి వెళ్తున్నాను." నేను నోరు తెరిచేలోపు పెట్టేశావు. అప్పట్నుంచి ఏ కబురూ లేదు, సైటు ఫోను మళ్ళీ మూగబోయింది. శుక్రవారం నువ్వు రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. చదివాక కంటిమీద కునుకు లేదు.

లోయలో ఏదో సొరంగంలోకి నీళ్ళొచ్చాయని షాపుకొచ్చిన ఒకాయన చెప్పాడు. ఏ సొరంగమో ఆయనకి తెలియదు. ఎవరికైనా ఏమైనా అయిందా అంటే అదీ తెలియదు. ఆయన చూపు పరీక్ష చేస్తూ ఒకే అద్దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టి "ఇప్పుడెలా ఉంది" అని అడిగానట. ఆయనే చెప్పి వెళ్ళిపోయాడు.

పిచ్చుక నీ గురించి అడగడం మానేసింది. అది నాకు ఇంకా భయంగా ఉంది. అమ్మ మాత్రం, "దానికేం కాదు, అది మా అన్నయ్య కూతురు" అంటోంది, అన్నం మాత్రం తినడం లేదు.

ఆ చీటీ వల్ల ఎవరికైనా ఏమైనా జరిగి ఉంటే నాకు చెప్పు. దాచకు. మంచిచెడ్డలు ఏవైనా సరే, నీ చేత్తో రాసిన నాలుగు అక్షరాలు కావాలి.

నీ
బావ


సైటు క్వార్టర్స్,
ఆదివారం

ప్రియమైన బావకి,

ఎవరికీ ఏమీ కాలేదు. ముందు ఆ మాట అత్తయ్యకి చెప్పి, అన్నం పెట్టు. నువ్వూ తిను. తర్వాత తీరిగ్గా చదువు.

రోడ్డు మళ్ళీ తెగిపోయింది, ఫోను తీగలు మళ్ళీ తెగాయి. ఇవాళే జీపు వెళ్తోంది. నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి.

ఆ శనివారం కొండ జారిన చోట జీపు చాలాసేపు ఆగిపోయింది. పరీక్ష కేంద్రానికి చేరేసరికి తలుపు మూస్తున్నారు. పరిగెత్తుకెళ్ళి, సెల్లు తీసి చూడకుండానే వాళ్ళ అలమరలో పడేసి కూర్చున్నాను. చప్పుడు వినబడకుండా అందరి చెవులకీ బిళ్ళలు, అందరి ముందూ కంప్యూటర్ తెరలు, గదంతా మీటల టకటక. మొదటి భాగం బాగానే రాశాను బావా. మాటలు పిలిస్తే పలికాయి. ఒక క్షణం నాకు గర్వం కూడా వేసింది.

తర్వాత చదివి జవాబులు రాసే ముక్క వచ్చింది. ఏదో పాతకాలపు అంటురోగం గురించి. అందులో ఒక వాక్యం, జ్వరం అబేట్ అయ్యాక రోగి లేచి కూర్చుని తినడానికి ఏమైనా పెట్టమన్నాడని. జ్వరం పెరిగినవాడు ఆకలని లేచి కూర్చోవడమేమిటి అనుకున్నాను. మళ్ళీ చదివాను. మూడోసారి చదివితే అది తగ్గడమని తెలిసింది. హెడ్డాఫీసు ఎందుకు సరేనందో, మేనేజరుగారు ఎందుకు నవ్వారో, మనకి కావలసింది ఇదే అని ఎందుకన్నారో, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ఆ పొద్దున్నుంచే తవ్వకం.

చెయ్యెత్తాను. పర్యవేక్షకురాలు వచ్చి, "విరామం ఇంకా కాలేదండీ" అంది.

"ఫోను చేసుకోవాలి."

"ఫోను ముట్టుకుంటే పరీక్ష రద్దవుతుంది. తెలుసుగా?"

"తెలుసు."

"ఒంట్లో బాగాలేదా? పోనీ మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చోండి."

మంచి మనిషి. నా భుజం మీద చెయ్యి కూడా వేసింది. రద్దు చేసేయండి అని లేచి వచ్చేశాను. నిజం చెప్పాలంటే తలుపుదాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూశాను. తెర మీద గడియారం నడుస్తూనే ఉంది.

సెల్లు తీస్తే నీ మిస్డ్ కాల్సే. వాటిని తోసేసి సైటుకి చేశాను. లైను ఆ పొద్దున్నే బాగయిందట. హాజరు రాసే గుమాస్తా ఎత్తాడు. లోపల ఎవరైనా ఉన్నారా అని అరిచాను. "లేరమ్మా. మేనేజరుగారు, మేస్త్రీ సొరంగం బయటే వాదులాడుకుంటున్నారు. ముఠా వెళ్ళనంటోంది" అన్నాడు. మేస్త్రీని పిలవమన్నాను. అతను ఫోను బల్ల మీద పెట్టి వెళ్ళాడు. అవతల రేకుల మీద వాన వినబడుతూనే ఉంది. మేస్త్రీ వచ్చాడు.

"అమ్మా, నీరు పెరుగుతోంది, ముట్టుకోవద్దని మీరే చెప్పారు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాం. ఈయనేమో మీరు సంతకం పెట్టిన కాగితం చూపించి తగ్గుతోందంటున్నారు. పని మానుకుంటే ముఠాని మార్చేస్తామంటున్నారు. మీరు మాకో మాట, ఆఫీసుకో మాట చెప్పారా?"

బావా, నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే మాట స్పష్టంగా రాదని ఆపుకున్నాను.

"మీకు చెప్పిందే నిజం. కాగితంలో రాసింది తప్పు. ఆ మాటకి అర్థం తెలియక రాశాను. ఎవర్నీ లోపలికి పంపకండి."

ఫోను చేతులు మారింది. తర్వాత మేనేజరుగారి గొంతు. "ఏమంటున్నారు మీరు? ఇది మీరు రాసిందే కదా?"

"నేనే రాశాను. పెరుగుతోందని చెప్పబోయి ఆ మాట వాడాను. వెనక పేజీ తిప్పండి సార్, కొలతలున్నాయి."

పేజీ తిప్పిన చప్పుడు వినబడింది. చివరికి, "మీకు ఆ మాటకి అర్థం తెలియలేదని రాసిస్తారా?" అన్నారు.

"సంతకం పెట్టి ఇస్తాను."

"అయితే ఆపుతున్నాను" అన్నారు. గొంతులో కోపమే ఉంది, కానీ ఆపారు.

అప్పుడు నీకు ఫోను చేశాను. ఇంకో మాట మాట్లాడితే అక్కడే కూలబడిపోతానని పెట్టేశాను. తిరుగు ప్రయాణంలో ఒకటే ఆలోచన. నీరు రాకపోతే? ముఖం గట్టిగానే నిలబడితే? పరీక్షా పోయి, పనీ పోయి, పిరికిదని పేరు మిగిలేది. మర్నాడు ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా సొరంగం నోట్లోంచి గాలి తన్నుకొచ్చింది. దాని వెనకాల బురద. డ్రిల్లు యంత్రం మునిగిపోయింది, కమానులు పుల్లల్లా వంగిపోయాయి. ఎవరూ పరిగెత్తలేదు, ఎవరూ అరవలేదు. చేతుల్లో కంచాలు పట్టుకునే నిలబడి చూశారు.

విచారణకి ఒకాయన వచ్చారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. నీ చీటీ సంగతి చెప్పలేదు. అది నీ మీద ప్రేమతో కాదు బావా. చీటీ ఎవరు రాసినా, నిఘంటువు తెరవకుండా ఆ మాట కాగితం మీద పెట్టింది నేను. ఆర్డరొచ్చాక అనుమానం వచ్చి కూడా నోరు మూసుకున్నది నేను. నువ్వు తప్పు తెలిసిన గంటలో ఊరంతా ఫోన్లు చేశావు. నాకు అనుమానం ఒక రోజంతా ఉంది, నేనేం చేశాను? అందుకని ఇంక ఆ అట్టముక్క పట్టుకుని కుమిలిపోకు. నాకది నచ్చదు.

సిఫారసు మేనేజరుగారు ఇవ్వనన్నారు. "మీ తప్పూ నా తప్పూ రెండూ తేలాలి. అప్పటిదాకా ఎవరి గురించీ ఏమీ రాయను" అన్నారు. ఆ మాట నాకు సబబుగానే తోచింది. కాలేజీలో నాకు రాళ్ళు నేర్పిన మాస్టారికి రాస్తున్నాను. ఈ ఏడాది సీటు లేనట్టే. పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చట, రాస్తాను. ఈసారి నిఘంటువే నా దగ్గరికి పంపు, బరువైనా సరే. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. కాకపోతే ఇప్పుడు భయం వేసిన చోట ఆగి, అర్థమేమిటని అడుగుతున్నాను.

అన్నిటికన్నా కష్టంగా ఉన్నది మేస్త్రీతో. నేను తిరిగొచ్చిన దగ్గర్నుంచీ అతను నాతో పనిమాటలు తప్ప మాట్లాడలేదు. ముఠావాళ్ళు నేను వస్తే లేచి నిలబడేవారు, అంతే. ఈ వారమంతా కంచం గదికి తెచ్చుకుని తిన్నాను. ఇవాళ పొద్దున కొత్త కొలతల రిపోర్టు రాసి సంతకం పెట్టబోతుంటే మేస్త్రీ తలుపు దగ్గరికొచ్చాడు. వెనకాల ముఠా అంతా ఉంది.

"అందులో ఏం రాశారమ్మా?" అన్నాడు.

చెప్పాను.

"అలా కాదు. మొదట్నుంచి చదివి, ఒక్కొక్క ముక్కా మాకు చెప్పండి. మేం లోపలికెళ్ళేది ఆ కాగితాన్ని బట్టేగా."

గుమ్మంలోనే నిలబడి, వాక్యం చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ వెళ్ళాను. రెండు చోట్ల ఆపారు. ఒకచోట అతను చెప్పిందే సరి, దిద్దాను. ఇంకోచోట నేను రాసిందే సరి, ఎందుకో చెప్పాను, ఒప్పుకున్నారు. అంతా అయ్యాక, "ఇక పెట్టండి సంతకం" అన్నాడు.

మధ్యాహ్నం కంచం పట్టుకుని భోజనాల షెడ్డులోకి వెళ్ళాను. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆ శనివారం మొదటి షిఫ్టులో లోపలికి వెళ్ళాల్సినవాళ్ళంతా వరసగా కూర్చుని తింటున్నారు. ఒకడు ఇంకొకడి కంచంలోంచి ఏదో లాక్కుంటున్నాడు. మేస్త్రీ తలెత్తి చూశాడు. బల్ల మీద కాస్త పక్కకి జరిగి, చోటిచ్చాడు.

వెళ్ళి కూర్చున్నాను బావా. కడుపునిండా తిన్నాను.

మీ అందరి
రాళ్ళమ్మ